మనసు చదువంటే రంగుల బొమ్మలు కాదు

ఈమధ్య ఏ పిల్లవాణ్ణి కదిపినా డోపమిన్ అంటాడు. ఫోన్ వదల్లేకపోతే డోపమిన్, చదువు ఎక్కకపోతే డోపమిన్, ప్రేమ కుదిరితే డోపమిన్, చెడితే మళ్ళీ అదే. తలలో ఏదో ఒకటి పెరిగిందనో తగ్గిందనో అనేస్తే మనిషి గురించి చెప్పాల్సిందంతా అయిపోయిందని వీళ్ళ నమ్మకం. చెప్పేవాడు గానీ వినేవాడు గానీ ఒక్కరోజైనా ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని, అతను ఎక్కడ తడబడుతున్నాడో కాగితం మీద రాసుకున్న పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

మనిషి ఎలా చూస్తాడు, విన్నమాట ఎలా అర్థం చేసుకుంటాడు, ఏది గుర్తుంచుకుంటాడు, ఏది మరిచిపోతాడు, రెండు దారులు ఎదురైతే ఒకదాన్ని ఎలా ఎంచుకుంటాడు? ఈ ప్రశ్నలను ఏ ఒక్క శాస్త్రమూ ఒంటరిగా మోయలేదని తెలియడానికి పండితులకు చాలాకాలం పట్టింది. తెలిశాక పుట్టిందే కాగ్నిటివ్ సైన్స్. మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, నాడీశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, తత్వశాస్త్రం, మానవశాస్త్రం కలిసి చేసే పని అది. ఆ కలవడంలోనే దాని ప్రాణం ఉంది. ఇప్పుడు పేరుంది, డిగ్రీ ఉంది, బోర్డులున్నాయి. కలవడం మాత్రం కరువైంది.

మేము చదువుకునే రోజుల్లో ఆ పేరు మాకు తెలియదు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఫిలాసఫీ, సైకాలజీ ఒకే కప్పు కింద ఉండేవి. పొద్దున తర్కసంగ్రహం చెప్పిన మాస్టారే మధ్యాహ్నం స్కిన్నర్‌ను చెప్పేవారు. మనిషి లోపల ఏముందని అడగొద్దు, బయటికి కనిపించే ప్రవర్తనను మాత్రమే కొలవండి అన్నది స్కిన్నర్ పట్టు. మాట్లాడటం కూడా అలా అలవాటైన ప్రవర్తనేనని ఆయన పుస్తకం రాస్తే, 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చాంస్కీ దాన్ని సమీక్షిస్తూ చీల్చి చెండాడాడు. పిల్లలు ఎన్నడూ వినని వాక్యాలను ఎలా పుట్టిస్తున్నారో చెప్పమని నిలదీశాడు. ఇద్దరిలో ఎవరు ఒప్పో మా మాస్టారు చెప్పేవారు కాదు. ఇద్దరినీ చదివి, వచ్చే సోమవారం వాదించడానికి సిద్ధమై రమ్మనేవారు. రాకపోతే క్లాసులోకి రానిచ్చేవారు కాదు.

మా ల్యాబ్‌లో ఖరీదైన వస్తువులేమీ ఉండేవి కావు. మెమరీ డ్రమ్, టాకిస్టోస్కోప్, ముల్లర్-లయర్ బల్ల, చెక్కతో చేసిన మేజ్, అద్దంలో చూసి గీసే పరికరం. ఆ చివరిదాని గురించి కొంచెం చెప్పాలి. కాగితం మీద జంట గీతలతో ఒక నక్షత్రం ఉంటుంది. చేయి కనిపించకుండా అడ్డు పెడతారు. ఎదురుగా ఉన్న అద్దంలో చూస్తూ ఆ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మొదటిసారి చేయి ముందుకు వెళ్ళమంటే వెనక్కి వస్తుంది, మూలల దగ్గర పిచ్చిగీతలు పడతాయి. పదే పదే చేస్తే తప్పులు తగ్గుతాయి. తప్పులు లెక్కపెట్టి, గ్రాఫ్ గీసి, రికార్డులో అంటించేవాళ్ళం.

సరిగ్గా ఇలాంటి పరికరంతోనే జ్ఞాపకం గురించి మనిషికి ఉన్న అవగాహన తలకిందులైంది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1953లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి మెదడుకు శస్త్రచికిత్స చేశారు. రెండువైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం, దాని పక్కనున్న కొంత భాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆనాటి నుంచి కొత్త జ్ఞాపకమేదీ అతనిలో నిలవలేదు. ఇప్పుడు మాట్లాడిన మనిషి గది బయటికి వెళ్ళి తిరిగివస్తే కొత్తగా పరిచయం చేసుకునేవాడు. తెలివి తగ్గలేదు, మాట పోలేదు, చిన్ననాటి సంగతులు గుర్తున్నాయి. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మాంట్రియల్ నుంచి రైలెక్కి వచ్చి అతన్ని పరీక్షించేది. మూడు రోజులపాటు అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. ప్రతిసారీ అతనికి అది ఎన్నడూ చూడని పరికరమే. కానీ తప్పులు మాత్రం మనందరికీ తగ్గినట్టే తగ్గుతూ వచ్చాయి. మూడో రోజుకు చక్కగా గీస్తున్నాడు, తాను నేర్చుకున్నానన్న ఎరుక మాత్రం లేదు.

ఒక పెన్సిల్, ఒక అద్దం, ఒక ఓపికగల మనిషి. జ్ఞాపకం ఒకటి కాదు, జరిగినదాన్ని గుర్తుంచుకునే ఏర్పాటు వేరు, చేతిపని నేర్చుకునే ఏర్పాటు వేరు అని అక్కడ తేలింది. దానికి శస్త్రవైద్యుడు కావలసి వచ్చింది, మనస్తత్వ శాస్త్రవేత్త కావలసి వచ్చింది, 2008లో కన్నుమూసేదాకా అరశతాబ్దం పైగా పరిశోధకులు అడిగినప్పుడల్లా విసుక్కోకుండా కూర్చున్న ఆ రోగి కావలసి వచ్చాడు. ఈనాటి విద్యార్థికి ఇదంతా ఒక స్లైడు మీద రెండు లైన్లు. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఆ అద్దం పరికరాన్ని పాత సామాను కింద అమ్మేశారు. దాని స్థానంలో సాఫ్ట్‌వేర్ వచ్చింది. మీట నొక్కితే గ్రాఫ్ అదే వస్తుంది. తప్పు పడిన ప్రతిసారీ ఎదుటి మనిషి ముఖంలో ఏం కనిపించిందో ఆ సాఫ్ట్‌వేర్ చూపించదు, పిల్లలు అడగరు.

1956 సెప్టెంబరు 11న కాగ్నిటివ్ సైన్స్ పుట్టిందని మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ తర్వాతి కాలంలో అన్నాడు. ఎంఐటీలో జరిగిన ఒక సదస్సులో ఆ రోజు అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ తర్కంలో నిరూపణలు చేసే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి చెప్పారు. చాంస్కీ వ్యాకరణానికి గణితరూపం చూపించాడు. తాత్కాలిక జ్ఞాపకంలో ఇంచుమించు ఏడు అంశాలే పడతాయన్న మిల్లర్ వ్యాసం కూడా ఆ ఏడాదే వచ్చింది. వీళ్ళు ఎలాంటివాళ్ళో చూడండి. సైమన్ డాక్టరేట్ రాజనీతిశాస్త్రంలో. నోబెల్ వచ్చింది అర్థశాస్త్రంలో, 1978లో. పనిచేసింది మనసు మీద, కంప్యూటర్ల మీద.

ఆ ప్రోగ్రాం యంత్రం మీదికి ఎక్కకముందు, 1956 జనవరిలో, సైమన్ తన భార్యను, ముగ్గురు పిల్లలను, కొందరు విద్యార్థులను పోగుచేసి తలా ఒక కార్డు చేతిలో పెట్టాడు. ఒక్కొక్కరూ ప్రోగ్రాంలో ఒక్కో భాగం. కార్డు మీద రాసిన సూచన ప్రకారం ఎవరి పని వాళ్ళు చేసి పక్కవాళ్ళకు అందించారు. నిరూపణ నడిచింది. తర్వాత యంత్రం మీద ఆ ప్రోగ్రాం ప్రిన్సిపియా మాథమెటికా అనే గణితతర్క గ్రంథం రెండో అధ్యాయంలోని మొదటి 52 సిద్ధాంతాల్లో 38 నిరూపించింది. ఆలోచనను ముక్కలు చేస్తే, ఏ ముక్కకూ మొత్తం అర్థం కానక్కర్లేకుండానే ఆలోచన నడుస్తుందా? ఆ గదిలో కూర్చున్న పిల్లలు ఆ ప్రశ్నకు అవునన్నారు. 1980లో జాన్ సెర్ల్ అనే తత్వవేత్త వచ్చి, చైనీస్ రాని మనిషి గదిలో కూర్చుని నిబంధనల పుస్తకం చూసి చైనీస్ జవాబులు అందిస్తే అతనికి చైనీస్ వచ్చినట్టేనా అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ వాదం నేటికీ తెగలేదు. మేము దాని మీద క్యాంటీన్‌లో టీ చల్లారేదాకా కొట్టుకున్నాం. నేటి పిల్లలు ఆ రెండు పక్షాల్లో ఏ ఒక్కటీ పూర్తిగా వినకుండానే యంత్రానికి మనసు వచ్చేసిందని ఒకడు, ఎన్నటికీ రాదని మరొకడు తీర్పులిచ్చేస్తున్నారు.

అమెరికాలోని స్లోన్ ఫౌండేషన్ వాళ్ళు 1978లో నివేదిక తయారుచేస్తూ ఆరు శాస్త్రాలను ఒక షడ్భుజి ఆరు మూలల్లో పెట్టి, వాటిని కలుపుతూ గీతలు గీశారు. ఆ గీతల మీద మాకు గొప్ప ఆశ ఉండేది. 2019లో రఫేల్ నున్యెజ్, ఆయన సహచరులు నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ఈ శాస్త్రం ఏమైపోయిందని అడిగారు. పత్రికలు, విభాగాలు, పాఠ్యక్రమాలు, పరిశోధకుల చదువులు తిరగేసి, ఆరూ కలిసి ఒకటి కావాలన్న సంకల్పం నెరవేరలేదని తేల్చారు. చాలావరకు మనస్తత్వశాస్త్రమే మిగతావాటిని పక్కకు నెట్టి కూర్చుంది. మానవశాస్త్రం దాదాపు కనిపించదు. నేను మనస్తత్వశాస్త్రం తాలూకు మనిషినే. అయినా ఆ వ్యాసం చదివి సంతోషించలేకపోయాను.

మా అన్నయ్య మనవరాలు ఇదే చదువులో ఎమ్మెస్సీ చేస్తోంది. చురుకైన పిల్ల. భాషాశాస్త్రం ఏం చదువుతున్నావే అని అడిగాను. “అది ఎలెక్టివ్ తాతయ్యా, ఎవరూ తీసుకోరు, ప్లేస్‌మెంట్లకి పనికిరాదు” అంది. ఫిలాసఫీ? అదీ అంతే. మరి ఏం నేర్పుతున్నారంటే పైథాన్, స్టాటిస్టిక్స్, స్కానింగ్ బొమ్మల విశ్లేషణ. అవి అక్కర్లేదనను. కానీ ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో నేర్పకుండా జవాబులు విశ్లేషించే పనిముట్లు చేతికివ్వడం ఏం చదువు?

ఆ స్కానింగ్ బొమ్మలున్నాయే, వాటి మీద నాకు ఉన్న కోపం చిన్నది కాదు. పేపరు తెరిస్తే మెదడులో ఎర్రగా వెలిగిన చుక్క, కింద “ఇదిగో భక్తి”, “ఇదిగో అసూయ” అన్న వ్యాఖ్య. ఎఫ్ఎంఆర్ఐ యంత్రం ఆలోచనను ఫొటో తీయదు. నాడీకణాలు పనిచేసినచోటికి రక్తం ఎక్కువగా వస్తుంది, ఆ రక్తంలోని ఆక్సిజన్ మార్పును అది పసిగడుతుంది. నాడీకణాల పని మిల్లీసెకన్లలో జరిగితే ఈ రక్తపు మార్పు పతాకస్థాయికి రావడానికి సుమారు ఐదు సెకన్లు పడుతుంది. ఆ రంగు కూడా మెదడులో ఉన్నది కాదు, గణాంకాల లెక్క తర్వాత కంప్యూటర్ పులిమింది. ఆ లెక్కలో జాగ్రత్త తప్పితే ఏమవుతుందో 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చూపించింది. స్కానర్‌లో ఒక సాల్మన్ చేపను పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ళు ఏ భావంలో ఉన్నారో చెప్పమని అడిగారు. వేలకొద్దీ బిందువులను ఒకేసారి పోల్చేటప్పుడు చేయాల్సిన సవరణ చేయకుండా లెక్కేస్తే చేప మెదడులో కూడా వెలుగు కనిపించింది. ఆ చేప చచ్చిపోయి ఉంది. ఈ ఒక్క సంగతి ప్రతి ఎమ్మెస్సీ విద్యార్థికీ మొదటి వారంలోనే చెప్పాలి. మనవరాలికి రెండో సంవత్సరంలో కూడా ఎవరూ చెప్పలేదు.

మనవాళ్ళ సంగతికొస్తాను. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీలో ఇంజనీరింగ్ చదివి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ చేసి, కార్నెగీ మెలన్‌లో యంత్రానికి మాట వినడం నేర్పే పనిలో దిగారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 1970ల్లో అక్కడ తయారైన హియర్‌సే అనే వ్యవస్థ ఎలా నడిచేదో తెలుసుకుంటే ఈ శాస్త్రం ఆత్మ తెలుస్తుంది. ధ్వని తెలిసిన భాగం ఒకటి, అక్షరశబ్దాలు తెలిసినది ఒకటి, పదాలు తెలిసినది ఒకటి, వాక్యనిర్మాణం తెలిసినది ఒకటి. అన్నిటికీ మధ్య ఒక ఉమ్మడి బ్లాక్‌బోర్డు. ఒకటి తన ఊహ బోర్డు మీద రాస్తే మరొకటి దాన్ని బలపరుస్తుంది లేదా కొట్టేస్తుంది. ఆ యంత్రాన్ని కట్టాలంటే ఇంజనీరు భాషాశాస్త్రజ్ఞుడి గుమ్మం తొక్కక తప్పలేదు.

నేటి యంత్రాలకు ఆ అవసరం పోయింది. లక్షల కోట్ల మాటలు మింగించి, తరువాతి మాటను ఊహించమంటారు. అది అద్భుతంగా పనిచేస్తోంది, నేను వాడుతున్నాను, నాకు దానితో తగువు లేదు. తగువల్లా దాన్ని చూపించి మనసు రహస్యం తెలిసిపోయిందనేవాళ్ళతో. పసిపిల్ల పదేళ్ళు వచ్చేసరికి వినేది మహా అయితే పదికోట్ల మాటలని అంచనా. అందులో సగం “తిను”, “పడుకో”, “అటు వెళ్ళకు”. అంత తక్కువతో అంత భాష ఎలా పట్టుబడిందన్నది 1959 నాటి చాంస్కీ ప్రశ్న. పెద్ద యంత్రం వచ్చినంత మాత్రాన అది తీరిపోలేదు. ఇంకా పదునెక్కింది.

ఇక మన ఊళ్ళ సంగతి. అష్టావధానం చూడని తెలుగువాడు మా తరంలో లేడు. ఎనిమిదిమంది పృచ్ఛకులు, నిషిద్ధాక్షరి ఒకరు, సమస్య ఒకరు, దత్తపది ఒకరు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి పక్కకు లాగుతుంటాడు, గంట మోగుతుంటే దెబ్బలు లెక్కపెట్టుకోవాలి. ఒక్కో పద్యం ఒక్కో పాదంగా, ఆవృత్తం తర్వాత ఆవృత్తంగా పెరుగుతుంది. చివర అన్నీ ధారణ. తాత్కాలిక జ్ఞాపకంలో ఏడే పడతాయంటే ఇది ఎలా సాధ్యం? 1980లో ఎరిక్సన్, చేజ్, ఫలూన్ సైన్స్ పత్రికలో ఒక కాలేజీ విద్యార్థి కథ రాశారు. మొదట అతనికీ ఏడు అంకెలే గుర్తుండేవి. సుమారు 230 గంటల సాధన తర్వాత 79 అంకెలు వరుసగా చెప్పగలిగాడు. అతను పరుగుపందేల మనిషి. అంకెలను పరుగు సమయాలుగా గుంపులు కట్టుకున్నాడు. అంకెలకు బదులు అక్షరాలిచ్చేసరికి మళ్ళీ ఆరుకు పడిపోయాడు. సాధన జ్ఞాపకపు సామర్థ్యాన్ని పెంచలేదు, గుంపులు కట్టే నేర్పును ఇచ్చింది.

అది చదివిన రోజు నాకు అవధానమే గుర్తుకొచ్చింది. గణాలు, యతి, ప్రాస ఏం చేస్తున్నాయి? అవి అందానికేనా, ధారణకు పట్టుకొమ్మలు కూడానా? ఛందస్సు లేని మాటలిస్తే అవధాని ఎంతవరకు నిలబడతాడు? దీన్ని పరిశోధనగా చేద్దామని తెలుగు శాఖకు వెళ్ళాను. అది మా సబ్జెక్టు కాదన్నారు. సైకాలజీ శాఖలో అడిగాను, అది సాహిత్యం కదా అన్నారు. రెండు శాఖల మధ్య ఒక వరండా ఉంది, అంతే. ఆ వరండా దాటేవాడు లేక ఆ పని అక్కడే ఆగిపోయింది.

దాటనివాళ్ళు ఒకరకమైతే, చదవకుండా గొప్పలు చెప్పేవాళ్ళు మరోరకం. మనవాళ్ళు ఇదంతా ఎప్పుడో కనిపెట్టేశారంటూ వేదికలెక్కుతారు. మన తర్కశాస్త్ర పండితులైన నైయాయికులు చెప్పింది నిజంగా గొప్పదే. మనస్సు అణువంత, అందుకే ఒకే క్షణంలో రెండు జ్ఞానాలు పుట్టవన్నారు. రెండూ ఒకేసారి కలిగినట్టు అనిపిస్తే అది వేగం వల్ల కలిగే భ్రమ అన్నారు. వంద కలువరేకులను దొంతరగా పేర్చి సూది గుచ్చితే అన్నీ ఒకేసారి చిల్లుపడ్డట్టు కనిపించినా ఒకదాని తర్వాత ఒకటే పడతాయని ఉదాహరణ ఇచ్చారు. ఇరవయ్యో శతాబ్దంలో బ్రాడ్‌బెంట్, వెల్ఫర్డ్ లాంటివాళ్ళు, రెండు పనులు వెంటవెంటనే ఇస్తే రెండోది ఎందుకు ఆలస్యమవుతుందో మిల్లీసెకన్లలో కొలిచారు. ప్రశ్న పోలినదే. కానీ వాదంతో నిలబెట్టడం వేరు, కొలిచి చూపడం వేరు. రెండూ చదివినవాడికే ఆ తేడా, ఆ చుట్టరికం తెలుస్తాయి. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని గర్వపడేవాళ్ళలో ఆ చిన్న పుస్తకం తెరిచినవాళ్ళు ఎందరు?

ఇప్పుడంతా పాడైపోయిందని మాత్రం నేను అనను. అనలేను. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో జరిగిన ఒక పని నా నోరు మూయించింది. అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు అల్లాడి సువర్ణ గారి బృందం పరిశీలించింది. వాళ్ళలో 391 మందికి రెండో అంతకంటే ఎక్కువో భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్ళతో పోలిస్తే వీళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. 2013లో న్యూరాలజీ పత్రికలో అచ్చయింది. అంతకుముందు టొరంటోలో ఇలాంటి ఫలితమే వస్తే, అక్కడి రెండు భాషలవాళ్ళలో వలస వచ్చినవాళ్ళు చాలామంది, తేడా వలస వల్లనేమో అని సందేహించారు. హైదరాబాదులో ఆ సందేహానికి చోటు లేదు. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ మాట్లాడే మనిషి ఎక్కడినుంచీ వలస రానక్కర్లేదు.

ఆ వ్యాసం మీద ఉన్న పేర్లు చూడండి. నాడీవైద్యులున్నారు. ఉస్మానియాలో భాషాశాస్త్రం చెప్పిన దుగ్గిరాల వసంత గారున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం నుంచి, కంప్యూటర్ దారిలో మెదడు దగ్గరికి చేరిన సూరంపూడి బాపిరాజు గారున్నారు. ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ ఉన్నాడు. మా రోజుల్లో ఆ షడ్భుజి గీతలు చూసి మేము ఆశపడ్డ పని ఇదే. మనస్తత్వ పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళలో 96 శాతం, ప్రపంచ జనాభాలో 12 శాతం మాత్రమే ఉన్న పాశ్చాత్య సంపన్న దేశాలవాళ్ళేనని 2010లో హెన్రిక్ బృందం ఎత్తిచూపింది. ఆ లోటు తీర్చడానికి హైదరాబాదు లాంటి ఊరు ఎంత చేయగలదో నిమ్స్ వార్డు చూపించింది. అలాంటివి ఇంకో ఇరవై ఎందుకు లేవన్నదే నా దెబ్బలాట.

ఈ ఏడు ఈ చదువులో చేరే పిల్లలను ఒక్కటి అడుగుతాను. మీ సబ్జెక్టు కాక ఇంకొకటి, మార్కుల కోసం కాకుండా, గురువు దగ్గర కూర్చుని నేర్చుకోండి. వ్యాకరణమో, తర్కమో, గణితమో, ఏదైనా సరే. వారానికి ఒక పూట ఆస్పత్రిలో పక్షవాతంతో మాట పడిపోయిన ఒక మనిషి దగ్గర కూర్చుని, తెలుగులో ఏ మాట పోయిందో, ఏది మిగిలిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ శాఖాధిపతులు దానికి క్రెడిట్లు ఇవ్వకపోతే, ఇవ్వమని గట్టిగా అడగండి.